దొండ పందిట్లో గాజురెక్కల ముద్దాయి

ఉద్యానశాఖలో కొత్తగా చేరేవాళ్ళకి శిక్షణలో పురుగుల పేర్లు నేర్పుతారు. పురుగు ఎదురుపడ్డప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో మాత్రం నేర్పరు. ఆ విద్యలో ఆరితేరిన మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కరినే చూశాను. ఆయన మా పెద్దసారు. "మీ రోజుల్లో ఫీల్డు ఎలా ఉండేదండీ?" అని మీలాంటి కుర్రవాళ్ళు అడిగినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. పురుగుల మీద ఆయనకున్న పాండిత్యం గురించి నేనిక్కడ రాయబోయేది ఆయన గౌరవాన్ని పెంచే విషయం కాదు. అయినా కాస్త ఓపిక పట్టండి.

రిటైరవడానికి ముందు నా ఆఖరి పోస్టింగు కొత్తపేట వైపు. కోనసీమలో ఉద్యానశాఖ ఉద్యోగం అంటే అందరూ అదృష్టం అనేవారు. కొబ్బరి దాని మానాన అది కాస్తుంది, అరటి దాని మానాన అది గెల వేస్తుంది, మనం నీడలో నిలబడి చూడడమే అని వాళ్ళ అభిప్రాయం. కొంతవరకు నిజమే. చిక్కంతా లంక గ్రామాల కూరగాయల పందిళ్ళ దగ్గర వచ్చేది.

ఆఫీసులో నా పక్క కుర్చీ వ్యవసాయశాఖ ఆఫీసరుది. ఆయనది వరి. మా రెండు శాఖలకీ కలిపి ఒకటే గది, ఒకటే ఫ్యాను. ఫ్యాను ఆయన వైపు తిరిగి ఉండేది. ఎప్పుడైనా నేను కొత్త పురుగు పేరు ఎత్తితే ఆయన జాలిగా చూసేవాడు.

"మా వరిలో పురుగులకి నిజాయితీ ఉందండీ గురువుగారూ. సుడిదోమ సుడిదోమలాగే ఉంటుంది. ఆకుముడత ఆకు ముడుచుకునే కూర్చుంటుంది. మీ తోటల్లోవే వేషాలు" అనేవాడు.

ఆయన ఆ మాట ఊరికే అన్నా, దానికి తగిన సందర్భం త్వరలోనే వచ్చింది.

నేను చేరడానికి ముందే మా డివిజన్‌లో తేనెటీగల పరిరక్షణ ఉద్యమం ఒకటి జరిగింది. కొబ్బరికీ, కాకరకీ, దోసకీ తేనెటీగ ఎంత అవసరమో చెబుతూ పెద్దసారు ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. రంగుల పోస్టరు కూడా వేయించారు. పైన "తేనెటీగ రైతు నేస్తం" అని పెద్ద అక్షరాలు, కింద ఒక మూల పెద్దసారు ఫోటో, మధ్యలో ఆకు మీద వాలిన తేనెటీగ ఫోటో. ఈ రెండో ఫోటో పెద్దసారు స్వయంగా, కొత్తగా కొన్న ఫోనుతో, ఒక దొండ పందిరి కింద వొంగుని తీసినది. వెనక కాళ్ళ నిండా పుప్పొడి అంటుకుని ఉన్న తేనెటీగ అంత దగ్గరగా దొరకడం అరుదని ఆయన అందరికీ చెప్పేవారు. పాల కేంద్రాల్లో, ఎరువుల కొట్లలో, బడుల్లో ఆ పోస్టరు అతికించారు. జనం దాన్ని శ్రద్ధగా చూశారు. మన శాఖ చరిత్రలో జనం శ్రద్ధగా చూసిన పోస్టరు బహుశా అదొక్కటే. మా కొంప ముంచింది ఆ శ్రద్ధే.

ఆలమూరు అవతల ఒక లంక ఊరు. అక్కడ సగం పొలాలు దొండ పందిళ్ళే. ఒక ఉదయం అక్కడి పెద్దరైతు ఫోన్ చేశాడు. ఊళ్ళో ఆయన మాటకి తిరుగులేదు. పాల కేంద్రంలో కొలత మొదలవ్వాలన్నా ముందు ఆయన వచ్చి కూర్చోవాలి.

"అయ్యా, పాదులకి కాయలు కాయవలసిన చోట కణుతులు కాస్తన్నాయండి. ఓసారి దయచేస్తారా?"

వెళ్ళి చూశాను. దొండ తీగలకి కణుపుల దగ్గర బొటనవేలంత లావున ఉబ్బులు. ఉబ్బు పక్కన చిన్న కన్నం, కన్నంలోంచి రంపపుపొట్టులాంటి పిప్పి. ఉబ్బు పైనున్న తీగంతా వాడి, ఆకులు పసుపు తిరిగిపోయాయి. కాండంలో ఏదో పురుగు కాపురం ఉందని తెలుస్తూనే ఉంది. అది ఎవరి సంతానం అన్నదే నేను తేల్చాలి. రైతు మాత్రం అప్పటికే తేల్చేశాడు.

"ఎవరో మాకు తెలుసండి. తేనెటీగలు. తీగ మీద వాలి, ఒళ్ళు వొంచి గుడ్డెట్టి పోతన్నాయి. నా కళ్ళతో నేను చూసేనండి."

"తేనెటీగ తీగల్లో గుడ్లు పెట్టదండీ" అన్నాను.

"పెట్టదని తమరంటన్నారు. పెట్టడం నేను చూసేను. అయినా దొండకి ఈగతో పనేటండీ? తీగ ముక్క పాతితే మొలుస్తది, పుప్పొడి అంటినా అంటకపోయినా కాయ కాస్తది. కొబ్బరికి కావాలంటే కొబ్బరి మీద వాలమనండి. మా పందిట్లో దానికేటి పని?"

సాగులో ఉన్న దొండ విషయంలో ఆయన చెప్పింది నిజమే. దానికి పరాగసంపర్కం అక్కర్లేదు. ఎదుటివాడి వాదనలో సగం నిజం ఉంటే మిగతా సగాన్ని ఖండించడం ఎంత కష్టమో మీకు పెళ్ళిళ్ళయ్యాక ఎలాగూ తెలుస్తుంది.

ఆయన పందిరి పక్కనే కొబ్బరితోట. తోటలో చెట్ల మొదళ్ళ దగ్గర వరసగా తేనెపెట్టెలు. అవి ఒకావిడవి. చాలా ఏళ్ళు గల్ఫులో ఒక ఇంట్లో వంటపని చేసి తిరిగొచ్చింది. ఇక్కడికొచ్చి తేనెటీగల పెంపకంలో శిక్షణ తీసుకుని, దాచుకున్నదంతా పెట్టెల్లో పెట్టింది. ఆదివారం చర్చి, మిగతా రోజులు పెట్టెలు. ఊరి లెక్క ప్రకారం ఈగలు ఆవిడవి, కాబట్టి ఉబ్బులూ ఆవిడవే.

నేను పందిరి కిందనుంచి బయటికి వచ్చేసరికి ఆవిడ గట్టు మీద నిలబడి ఉంది. నాతో మాట్లాడడానికి వచ్చింది కాని కళ్ళు మాత్రం పెద్దరైతు మీదే ఉన్నాయి.

"మంగళవారం లోపు తియ్యకపోతే ఊరంతా కలిసి పెట్టెలు కాలవలో పడేస్తామన్నారండి బాబాయ్‌గారు."

"అలా అన్లేదమ్మాయ్. కాల్చేస్తామన్నాను. కాలవ నీళ్ళు పశువులు తాగుతాయి కదా" అన్నాడు పెద్దరైతు. ఆయన దృష్టిలో అది సవరణ.

ఆవిడ నా వైపు తిరిగి మెల్లగా అంది. "ఈ పెట్టెలు పోతే నేను మళ్ళీ పాస్‌పోర్టు బయటికి తియ్యాలండి. ఇంక నా వల్ల కాదండి."

ఆ మాటకి జవాబు చెప్పడం ఏ శిక్షణలోనూ నేర్పలేదు. నేను ఉబ్బిన తీగలు కొన్ని కోసి సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఆఫీసులో ఒక ఉబ్బుని నిలువుగా చీల్చితే లోపల పాలిపోయిన లద్దెపురుగు. గోధుమరంగు తల, పొట్టి పొట్టి కాళ్ళు. తేనెటీగ పిల్లకి కాళ్ళుండవు. మైనపు గదిలో బోర్లా పడి అన్నం పెట్టేవాళ్ళకోసం ఎదురుచూడడమే దాని పని. కాబట్టి ఇది ఈగ కాదు. మరెవరు? మిగతా ఉబ్బుల్ని తడి ఇసకతో సహా వెడల్పాటి పచ్చడి సీసాల్లో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి, కిటికీలో ఉంచాను. పిల్లని బట్టి తల్లిని పోల్చలేనప్పుడు పిల్ల పెరిగేదాకా ఆగడమే మా పద్ధతి. సీసాలో కొన్ని అప్పటికే ప్యూపా దశకి వచ్చినట్టున్నాయి, ఎక్కువ ఆగాల్సిన అవసరం రాలేదు.

శుక్రవారం ఉదయం నేను ఆఫీసుకి వెళ్ళేసరికి వరి ఆఫీసరు కుర్చీ మీద ఉన్నాడు. అంటే, కూర్చుని కాదు. ఎక్కి నిలబడి ఉన్నాడు.

"గురువుగారూ, మీ సీసాలో కందిరీగ పుట్టింది!"

"కందిరీగ సీసాలో పుట్టదండీ."

"పుట్టింది! బుర్రున తిరుగుతోంది! దాని కాళ్ళు చూశారా? బూట్లేసుకుని పుట్టింది!"

వెళ్ళి చూశాను. బూట్లు అన్నమాట అబద్ధం కాదు. వెనక కాళ్ళ నిండా దట్టమైన రోమాలు, గోధుమ, పసుపు కలిసిన కుచ్చులు. దూరం నుంచి చూస్తే పుప్పొడి మూటలు కట్టుకున్న తేనెటీగ. రెక్కలు సన్నగా, పొడుగ్గా, గాజుపలకల్లా ఉన్నాయి. వాటి వెనకున్న ఇసక రేణువులు కూడా కనిపిస్తున్నాయి. అంచుల్లోనూ ఈనెల మీదా మాత్రమే గోధుమరంగు పొలుసుల గీత. కిటికీ చట్రానికి రంగువేసి అద్దం వదిలేసినట్టు. ఒళ్ళంతా పట్టీలు పట్టీలు. కాని తేనెటీగకీ కందిరీగకీ ఉండే ఆ సన్నటి నడుము దీనికి లేదు. నడుము సన్నగా ఉన్నట్టు రంగుతో మభ్యపెడుతోందంతే. మన పట్నం దర్జీలు చేసే పనే.

నాకు చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలో చూసిన ఒక్క వాక్యం గుర్తొచ్చింది. పరీక్షల్లో ఎప్పుడూ రాని వాక్యం కనుక అందరం దాటేసినది. గాజురెక్కల చిమ్మటలు.

ఇవి చిమ్మటలే, సీతాకోకచిలకల దాయాదులే. కాని చిమ్మట అనగానే మనకు తట్టే లక్షణాలేవీ వీటికి లేవు. రాత్రి దీపం చుట్టూ తిరగవు, పట్టపగలు ఎండలో తిరుగుతాయి. రెక్కలకి బూడిదలాంటి పొలుసులుండాలి, వీటికి చాలా మేరకు ఉండవు. ప్రపంచంలో వందల రకాలున్నాయి, ఒక్కోటి ఒక్కో వేషం. కొన్ని పసుపు నలుపు పట్టీలతో అచ్చం కందిరీగలు. చల్లటి దేశాల్లో ఒకటి పెద్దజాతి కందిరీగను చూసి దుస్తులు కుట్టించుకున్నట్టుంటుంది. కొన్ని తేనెటీగలు. ఒట్టి రూపమే కాదు, నడకా ఎగరడమూ కూడా అలాగే. కుట్టడానికి మాత్రం ముల్లు లేదు. కుడతానన్న పేరు మీదే బతికిపోతాయి. పక్షి భయపడి వదిలేస్తుంది, మనిషి భయపడి కుర్చీ ఎక్కుతాడు. వీటి పిల్లలు మాత్రం చెట్ల బెరడులోనో, తీగల కాండంలోనో, వేళ్ళలోనో దాక్కుని తొలుస్తాయి. మన దొండ, పొట్ల జాతి పాదుల మీదకి వచ్చేది ఈ బూట్ల రకం.

"మరి మా ఇంట్లో గార్డినియా మొక్క మీద ఆకుపచ్చ ఒళ్ళూ, గాజురెక్కలూ ఉన్నదొకటి తేనెపిట్టలా గాలిలో నిలబడి తేనె తాగుతుంది. అదీ ఇదేనా?" అన్నాడు వరి ఆఫీసరు, కుర్చీ దిగకుండానే.

"కాదు. అదీ చిమ్మటే కాని వేరే కుటుంబం. ప్యూపా వదిలి వచ్చినప్పుడు దాని రెక్కల నిండా పొడి ఉంటుంది. మొదటిసారి రెక్కలు ఆడించగానే అదంతా రాలిపోయి గాజు మిగులుతుంది. ఇంటిపేరు కలవని చుట్టం అనుకోండి."

"నేను చెప్పలేదూ, మీవన్నీ వేషాలని!"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆయన తల వెనక గోడ మీద పోస్టరు ఉంది. "తేనెటీగ రైతు నేస్తం." మధ్యలో ఆకు మీద వాలినది సన్నటి నడుము లేనిది, గాజురెక్కలకి గోధుమరంగు అంచులున్నది, వెనక కాళ్ళకి కుచ్చులున్నది. సీసా పట్టుకెళ్ళి పోస్టరు పక్కన పెట్టాను. ఇద్దరూ కవలలు.

వరి ఆఫీసరు పోస్టరునీ సీసానీ మార్చి మార్చి చూశాడు. తరువాత మూలనున్న పెద్దసారు ఫోటోని చూశాడు. అప్పుడు కుర్చీ దిగి, ఫ్యాను నా వైపు తిప్పాడు. ఆయన నాకు చూపించిన సానుభూతి ఆ సర్వీసులో అదొక్కటే.

పాపం రైతుల తప్పేముంది? మేం తేనెటీగని కాపాడమన్నాం, ఇదే తేనెటీగ అని చూపించాం. వాళ్ళు బుద్ధిగా కాపాడారు. మందు కొట్టకుండా, తోలకుండా, అది తీగ మీద స్థిమితంగా కూర్చుని గుడ్డు పెట్టుకునేదాకా పక్కకి తప్పుకుని మరీ కాపాడారు. ప్రభుత్వ ప్రచారం అంత సంపూర్ణంగా ఫలించడం మీరెక్కడా చూసి ఉండరు.

మధ్యాహ్నం పెద్దసారు గదికి సీసాతో వెళ్ళాను. ఆయన మంచి మనిషి. తగువులంటే పడదు. ఏ ఫైలునైనా "చూద్దాంలే" అని పక్కన పెడితే కొన్నాళ్ళకి సమస్య దానంతటదే విసిగి వెళ్ళిపోతుందని ఆయన నమ్మకం. చాలాసార్లు వెళ్ళిపోయేది కూడా.

"సార్, ఇది చిమ్మట."

"అలాగా."

"పోస్టరు మీద ఉన్నదీ ఇదే సార్."

ఆయన ఫోను తీసి, ఆ ఫోటో వెతికి, వేళ్ళతో పెద్దది చేసి, కళ్ళజోడు పైకి నెట్టి చూశారు.

"కాళ్ళకి పుప్పొడి ఉంది కదయ్యా?"

"పుప్పొడి కాదు సార్. వెంట్రుకలు."

ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఫోటో మాత్రం బాగా వచ్చింది" అన్నారు చివరికి.

"వచ్చింది సార్."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మీకు, నాకు, వరి ఆఫీసరుకి."

"ఆయనకి తెలిస్తే ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు" అని నిట్టూర్చారు. మంగళవారం సంగతీ, పెట్టెల సంగతీ చెప్పాను. పాస్‌పోర్టు మాట కూడా చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "నేనూ వస్తాను. కాని పోస్టరు ఊసు మనంతట మనం ఎత్తవద్దు. చిమ్మట గురించి చెప్పు, ఉబ్బులు కోసి కాల్చెయ్యమని చెప్పు. అందరూ సంతోషిస్తారు" అన్నారు. మెడ ఎత్తి గోడ మీద పోస్టరులో ఉన్న తన ఫోటోని మరోసారి చూసుకున్నారు.

మంగళవారం సాయంత్రం పాల కేంద్రం ముందు రేకుల షెడ్డులో మీటింగు. రైతులు బెంచీల మీద, పెద్దరైతు కుర్చీలో. ఆయన పక్కన కుర్రాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు, వాళ్ళ కాళ్ళ దగ్గర కిరసనాయిలు డబ్బా. దాన్ని ఎవరూ చూడనట్టు కూర్చున్నారు. పెట్టెలావిడ దూరంగా స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. నేను చిమ్మట ఉన్న సీసా తెచ్చాను. పోల్చి చూపించడానికి ఆవిడ చేత ఒక తేనెటీగని కూడా అలాంటి సీసాలోనే తెప్పించాను. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

నాకు తోచినంత తేలిగ్గా చెప్పాను. తీగ లోపలున్న పురుగుకి కాళ్ళున్నాయి, తేనెటీగ పిల్లకి ఉండవు అన్నాను. ఆవిడ కూడా ధైర్యం చేసి అంది.

"నా ఈగల పిల్లలు పెట్టెలోనే ఉంటాయండి. కావాలంటే పలక తీసి చూపిస్తాను. గది గదికీ ఒకటి."

"పెట్టెలో పిల్లలున్నాయని బయట పెట్టకూడదనుందేటమ్మా?" అన్నాడు పెద్దరైతు.

షెడ్డంతా నవ్వింది. బెంచీ చివర కూర్చున్న ఇద్దరు మాత్రం నవ్వలేదు. మిగతావాళ్ళు వాళ్ళిద్దరినీ చూసి ఇంకా నవ్వారు. ఆ నవ్వులో ఆవిడ మాట కొట్టుకుపోయింది.

పెద్దరైతు లేచాడు. షెడ్డు గోడ దగ్గరకి వెళ్ళి, పోస్టరు మూలలు జాగ్రత్తగా ఊడదీసి, తెచ్చి పెద్దసారు ఎదురుగా బల్ల మీద పరిచాడు.

"అయ్యా, మేం చదువుకోలేదు. బొమ్మ చూసి నేర్చుకున్నాం. మా పందిట్లో గుడ్డెడుతున్నది ఇదే. దీని మీద తేనెటీగ అని తమరే రాయించేరు. పక్కన తమరి ఫోటో కూడా వేయించేరు. ఇప్పుడు ఈ అయ్యొచ్చి చిమ్మటంటన్నారు. ఏది నమ్మమంటారో తమరే సెలవియ్యండి."

నేను పెద్దసారు వైపు చూడలేదు. చూస్తే బాగుండదు. "చూద్దాంలే" అంటారని ఎదురుచూస్తున్నాను. ఆ మాట అంటే చాలు, కిరసనాయిలు డబ్బా లేస్తుంది.

పెద్దసారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ ఫోటో తీసింది నేనండి. ఇది తేనెటీగ కాదు. నేను పొరబడ్డాను. చిమ్మటని పట్టుకుని తేనెటీగ అని మీకు చెప్పాను. మీరు నా మాట విన్నారు. తప్పు ఆవిడ ఈగలది కాదు, నాది."

ఆ డివిజన్‌లో ఒక అధికారి నోట అలాంటి మాట ఎవరూ విని ఉండరు. విన్నాక ఏం చేయాలో కూడా ఎవరికీ తెలియలేదు. ముందుగా తేరుకున్నది పెద్దరైతే.

"అప్పుడు పొరబడ్డారు సరేనండి. ఇప్పుడు పొరబడలేదని నమ్మకమేటి?"

"చిమ్మట కుట్టదు. తేనెటీగ కుడుతుంది. అదొక్కటి చాలదా?"

"ఆయ్, చాలుతుందండి. అయితే చేత్తో పట్టుకుని చూపించండి మరి."

"చూపిస్తాను" అని పెద్దసారు బల్ల వైపు వొంగి, ఒక సీసా తీసుకుని మూతికి కట్టిన గుడ్డ విప్పారు.

ఆ సీసా తేనెటీగది.

"సార్, అది..." అన్నాను.

"నువ్వాగవయ్యా" అన్నారు.

చెయ్యి లోపల పెట్టారు. గుప్పెట మూశారు. బయటికి తీశారు. అందరికీ కనిపించేలా పైకెత్తారు.

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ఒక్క ఎడమ కనుబొమ్మ మాత్రం కొంచెం పైకి లేచి అక్కడే ఉండిపోయింది. "చూశారా" అన్నారు. గొంతు మామూలు కంటే సన్నగా ఉంది. గుప్పెట తెరిచారు. ఈగ బల్ల మీద పడి, నాలుగడుగులు తూలి, అంచు దాటి కిందకి పోయింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండాయి. రైతుల కష్టం తలచుకుని కాబోలనుకుని ముందు వరసలో ఒకాయన తనూ కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

పెద్దసారు చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని, "ఉబ్బులు కోసి కాల్చెయ్యండి. ఉబ్బున్న తీగ ముక్కలు పాతకండి. పెట్టెల జోలికి పోకండి. నమస్కారం" అన్నారు. ఆయన సర్వీసులో అంత పొట్టి ఉపన్యాసం మరొకటి లేదు. అంతగా చప్పట్లు పడ్డదీ మరొకటి లేదు. నేను రెండో సీసాని, అంటే అసలు చిమ్మటని, ఏమీ ఎరగనట్టు సంచిలో పెట్టేశాను. కిరసనాయిలు డబ్బా తెచ్చిన కుర్రాడు దాన్ని కాలితో వెనక్కి జరిపాడు.

జీపు దగ్గరకి వచ్చాం. వెనకనుంచి పెట్టెలావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది.

"సారుగారూ, ఆ చెయ్యి జేబులోంచి తియ్యండి."

"ఏం లేదమ్మా."

"తియ్యండి బాబూ. ముల్లు లోపలుంటే విషం ఇంకా దిగుతుందండి."

ఆయన చెయ్యి బయటికి తీశారు. చూపుడువేలు అప్పటికే వంకాయంత అయింది. ఆవిడ గోటితో ఒక్క గీకుతో ముల్లు తీసేసింది. గిల్లి లాగకూడదని, గీకాలని నాకు కూడా చెప్పింది, ఇలాంటివి ముందు ముందు ఇంకా ఉంటాయన్నట్టు.

"నీకెలా తెలిసిందమ్మా?" అన్నారు పెద్దసారు.

"నా ఈగ కదండీ, నేనెరగనేటండీ? తమరు గుడ్డ విప్పుతుంటేనే నా గుండె ఆగిపోయింది. కుట్టగానే అబ్బా అంటారు, ఇంక అయిపోయింది నా బతుకు అనుకున్నాను." ఆవిడ ఆయన చేతిని ఇంకా వదల్లేదు. "ఎందుకనలేదండీ?"

"అబ్బా అంటే నీ పెట్టెలు కాల్చేసేవాళ్ళు కదమ్మా" అన్నారాయన మామూలుగా. తరువాత నా వైపు తిరిగి, "ఏవయ్యా, నేను తీసింది ఏ సీసా?" అని అడిగారు.

"తేనెటీగది సార్."

"అంటే నాకు ఇప్పటికీ తేడా తెలియలేదన్నమాట."

"ఇప్పుడు తెలిసే ఉంటుంది సార్" అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఊళ్ళో నేను ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు.

మర్నాడు నేను పెద్దసారు గదిలో ఉండగా పెద్దరైతు వచ్చాడు. కుడిచేతిని కండువాలో చుట్టుకుని ఉన్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పొద్దున్న ఉబ్బులన్నీ కోయించేనండి" అన్నాడు. "చీల్చి చూసేను. లోపలున్నదానికి కాళ్ళున్నాయి. ఒకదాంట్లోంచి సగం బయటికొచ్చిన చిమ్మట కూడా దొరికింది, బతికుండగానే. బూట్లేసుకున్నట్టుందండి. అరచేతిలో పెట్టుకున్నాను. ఏమీ అన్లేదు. తమరు చెప్పింది రైటే."

"సంతోషం" అన్నారు పెద్దసారు.

"ఆ ధైర్యంతో పక్కనే పొట్టి కొబ్బరి పూత మీదున్నదాన్ని కూడా పట్టుకున్నానండి."

కండువా విప్పాడు. బొటనవేలు ఉబ్బి, దొండతీగ కణితికి ఏమీ తీసిపోకుండా ఉంది.

"అప్పట్నించీ ఒకటే అనుమానమండి. నిన్న తమరు సీసాలోంచి తీసింది బల్ల మీద తూలుతా నడిచిందే, దానికి బూట్లున్నట్టు నాకు గుర్తు లేదు. నాకు కుట్టింది కదా, మరి తమరికెందుకు కుట్టలేదేటి చెప్మా అని."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. పెద్దసారు బల్ల కిందనుంచి కుడిచెయ్యి తీసి, పెద్దరైతు చేతి పక్కన బల్ల మీద పెట్టారు. చూపుడువేలు ఇంకా దిగలేదు.

పెద్దరైతు ఆ వేలిని చూశాడు. తన వేలిని చూసుకున్నాడు. మళ్ళీ ఆయన మొహం చూశాడు.

"అంతమందిలో..." అన్నాడు. ఆ మాట అక్కడే ఆపేశాడు. తరువాత, "ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే మళ్ళీ మొదటికొస్తదండి" అన్నాడు.

"వస్తుంది" అన్నారు పెద్దసారు.

"తెలియదులెండి. పెట్టెలు మా గట్టు మీద కూడా పెట్టుకోమని అమ్మాయికి చెప్పేను." కండువా మళ్ళీ చుట్టుకోబోయి, అక్కర్లేదనుకున్నాడేమో, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను బయటికి వెళ్ళి టీ చెప్పి వచ్చాను. గ్లాసులు వచ్చాయి. ఇద్దరూ ఎడమ చేత్తోనే తాగారు.